బీఆర్‌టీఎస్ రోడ్డుంది, బస్సేది? (కురిటీబా మేయర్ జైమె లెర్నర్ గురించి)

సత్యనారాయణపురం_సీను · శనివారం రాత్రి 9:40

మా ఇంటికి దారి చెప్పాలంటే "బీఆర్‌టీఎస్ రోడ్డు" అంటే చాలు. బెజవాడలో ఏ ఆటో అతనైనా తెచ్చి దింపేస్తాడు. మొన్న మా అమ్మాయి, తొమ్మిదో తరగతి, ఆ అక్షరాలకి అర్థమేంటని అడిగింది. బస్ రాపిడ్ ట్రాన్సిట్ సిస్టమ్ అన్నాను. "అయితే ఆ బస్సేది నాన్నా?" అంది. నీళ్ళు నమిలాను.

నా చిన్నప్పుడు అక్కడ రైలు పట్టాలు. గేటు పడితే సైకిలు మీద ఒక కాలు నేలకి ఆనించి పెట్టెలు లెక్కపెట్టేవాళ్ళం. పట్టాలు తీసేశాక వెడల్పాటి రోడ్డొచ్చింది, మధ్యలో బస్సులకని వేరే దారొచ్చింది, పేరొచ్చింది. మిగిలింది పేరే.

సిగ్గేసి రాత్రి కూర్చుని వెతికాను. ఎటు పోయినా ఒకే మనిషి తగులుతున్నాడు. జైమె లెర్నర్ అని, బ్రెజిల్‌లో కురిటీబా నగరానికి మూడుసార్లు మేయర్‌గా చేసిన ఆర్కిటెక్టు. 1974లోనే బస్సుకి సొంత దారి ఇచ్చి ఊరంతా నడిపించాడట. వికీలో ఉన్న తారీఖులు చదివాను. అసలు ఏం చేశాడో, మన దగ్గర ఎక్కడ తేడా కొట్టిందో తెలిసినవాళ్ళు చెప్పండి. అమ్మాయికి జవాబు బాకీ ఉన్నాను.

---

నక్షా_మేడం · శనివారం రాత్రి 10:25

టౌన్ ప్లానింగ్ చదువుకున్నాను, అదే పనిలో ఉన్నాను కాబట్టి కొంచెం పొడుగ్గా రాస్తా, ఓపిక పట్టండి.

లెర్నర్ 1937 డిసెంబరు 17న కురిటీబాలోనే పుట్టాడు. తల్లిదండ్రులు పోలండ్ నుంచి వలస వచ్చిన యూదులు. రైల్వే స్టేషన్‌కి దగ్గర్లో వాళ్ళకి ఒక కొట్టు. ఆ కొట్టు ముందు వీధే తన మొదటి బడి అని ఆయన చెప్పుకునేవాడు. 1964లో ఆర్కిటెక్చర్ పూర్తి చేశాడు. అదే ఏడాది బ్రెజిల్‌లో సైన్యం అధికారం లాక్కుంది. ఈ రెండో సంగతి మర్చిపోకండి, తర్వాత పనికొస్తుంది.

అప్పటికే ఊరికి ఒక పాత ప్లాను ఉంది. 1943లో అగాష్ అనే ఫ్రెంచాయన గీసినది. మధ్యలో కేంద్రం, చుట్టూ వలయాలు, కార్ల కోసం వెడల్పు వీధులు. 1965లో సావో పాలో ఆర్కిటెక్టు జోర్జె విల్‌హైమ్ కొత్త ప్లానుకి ముసాయిదా రాశాడు. దాన్ని అమలు చెయ్యడానికి ఇప్పుక్ అనే ప్లానింగ్ సంస్థ పెట్టారు. దాన్ని నిలబెట్టిన కుర్రాళ్ళలో లెర్నర్ ఒకడు, తర్వాత దానికి అధ్యక్షుడూ అయ్యాడు. అంటే ప్లాను ఒక్కడి బుర్రలోంచి ఊడిపడలేదు. ఈ మాట ఎందుకంటున్నానంటే, అన్నీ లెర్నర్ ఖాతాలో వేసేసే వ్యాసాలు చాలా ఉన్నాయి.

1971లో మేయరయ్యాడు. వయసు 33. మరుసటి ఏడు చేసిన మొదటి గొడవ బస్సు కాదు, వీధి. ఊళ్ళో పెద్ద బజారు రువా కిన్జి (నవంబరు 15 వీధి అని అర్థం). దాంట్లో కార్లు ఆపేసి నడిచేవాళ్ళకే వదిలెయ్యాలన్నాడు. వ్యాపారులు ఒప్పుకోలేదు, కోర్టుకి వెళ్తామన్నారు. పనికి ఎన్నాళ్ళు పడుతుందని ఇంజనీర్లని అడిగితే నెలలన్నారు. ఈయన రోజుల్లో అవ్వాలన్నాడు. 1972 మే నెలలో ఒక శుక్రవారం సాయంత్రం కోర్టులు మూశాక పలుగులు పడ్డాయి. రాత్రంతా రాళ్ళు పరిచారు, దీపాలు, పూలతొట్లు పెట్టారు. సోమవారం కొట్లు తెరిచేసరికి వీధి మారిపోయింది. లెర్నర్ స్వయంగా ఎన్నోసార్లు చెప్పిన కథ ఇది.

దీనికి కొసరు ఒకటుంది. కార్ల క్లబ్బు వాళ్ళు వరసగా కార్లేసుకొచ్చి వీధిని మళ్ళీ ఆక్రమిస్తామన్నారు. వచ్చి చూస్తే వీధి పొడుగునా కాగితం చాప పరిచి ఉంది, దాని మీద పిల్లలు కూర్చుని బొమ్మలు గీస్తున్నారు. పిల్లల మీదకి కారు పోనిచ్చేదెవరు? వెనక్కి తిప్పుకున్నారు.

బస్సు గురించి రేపు రాస్తా.

---

చీరల_కొట్టు · శనివారం రాత్రి 11:02

మేడం గారూ, కథ వినడానికి బాగానే ఉంది. కొట్టు నడిపేవాడి వైపు నుంచి ఒక్క మాట. మేము చెప్పా పెట్టకుండా శుక్రవారం రాత్రి మీ ఇంటి గుమ్మం తవ్వేసి "సోమవారానికి ఎంత బాగుంటుందో చూడండి" అంటే మీరు ఊరుకుంటారా? సరుకు బేళ్ళు ఎక్కడ దించుకోవాలి? పెళ్ళి బట్టలకి కారేసుకుని వచ్చిన కుటుంబం బండి ఎక్కడ పెట్టుకోవాలి? మా వీధిలో నాలుగు నెలల కాలువ పని పదకొండు నెలలు సాగింది. కొట్టు ముందు చెక్క వేసి, దాని మీంచి ముసలమ్మలని చెయ్యి పట్టుకుని దాటించాను. తవ్వకం అంటే మాకు భయం ఊరికే రాలేదు.

---

ఎదురుగాలి · శనివారం రాత్రి 11:30

చీరల కొట్టు గారికి నా ఓటు.

33 ఏళ్ళ కుర్రాడు మేయరెలా అయ్యాడో మేడం గారు మెత్తగా దాటేశారు. ఎన్నికల్లో గెలిచి కాదు. సైనిక పాలనలో రాష్ట్ర రాజధానులకి మేయర్లని పైనుంచి పెట్టేవాళ్ళు. లెర్నర్‌ని కూడా అలాగే కూర్చోబెట్టారు. మొదటి రెండు దఫాలూ, 1971-75, 1979-83, జనం ఓటుతో వచ్చినవి కావు. కోర్టు మూశాక పలుగు దించే ధైర్యం అక్కడి నుంచి వచ్చింది. మన దగ్గర ఎమర్జెన్సీలో, 1976లో, ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ దగ్గర కూడా పనులు చకచకా జరిగాయి. దాన్నెవరూ అర్బన్ ప్లానింగ్ అని పొగడరు.

---

నక్షా_మేడం · శనివారం రాత్రి 11:48

దాటెయ్యలేదండీ, "పనికొస్తుంది" అని ముందే రాశా. తుర్క్‌మాన్ గేట్‌తో పోలిక మాత్రం అతకదు. అక్కడ ఇళ్ళు కూల్చారు, తూటాలు పేల్చారు. ఇక్కడ ఒక బజారులో కార్లు ఆపారు. అయితే మీ మూల ప్రశ్న న్యాయమైనదే.

ఒక సంగతి చేర్చండి. 1985లో రాజధానులకి మళ్ళీ ఎన్నికలు పెట్టినప్పుడు లెర్నర్ నిలబడి రెకియావ్ అనే ప్రత్యర్థి చేతిలో ఓడిపోయాడు. 1988లో పోలింగ్ ఇంకా 12 రోజులుందనగా బరిలోకి దిగి గెలిచాడు. 1989-92 మూడో దఫా జనం ఇచ్చిందే. గాజు గొట్టాల్లాంటి బస్టాపులు, చెత్తకి కూరగాయలు, అన్నీ ఆ దఫాలోవే.

---

దేశదిమ్మరి · ఆదివారం ఉదయం 7:15

ఈ ఊరి పేరు ఇక్కడ చూస్తాననుకోలేదు! ఆఫీసు పని మీద కురిటీబాలో మూడు నెలలున్నా. ముందు పేరు సంగతి. అక్కడివాళ్ళు "కురిచీబా" అంటారు. వాళ్ళ పోర్చుగీసులో "టి" పలికితే "చి" అవుతుంది. నేను కురిటీబా అన్నప్పుడల్లా మా ఆఫీసు కుర్రాడు నవ్వేవాడు.

బ్రెజిల్ అంటే ఎండ, సముద్రం అనుకుని పల్చటి చొక్కాలతో దిగాను. ఊరు సముద్రానికి తొమ్మిది వందల మీటర్ల పైన. జూన్‌లో చలికి పళ్ళు కొట్టుకున్నాయి. పొద్దస్తమానం తుంపర.

బస్సు గురించి నేను చూసింది చెప్తా. బస్టాపు ఒక పెద్ద గాజు గొట్టం, పడుకోబెట్టిన డ్రమ్ములాగ. ఒక కొసన తిరిగే గేటు, దాని పక్కన కుర్చీలో ఒక మనిషి. అక్కడే డబ్బులు కట్టేసి లోపలికి పోతాం. వాన పడదు. గొట్టం నేల బస్సు నేలతో సమానంగా ఎత్తులో ఉంటుంది. ఎర్ర బస్సు వచ్చి ఆగుతుంది. మూడు పెట్టెలు, రెండు చోట్ల వంగుతుంది, 270 మంది పడతారని లెక్క. గొట్టం తలుపులూ బస్సు తలుపులూ ఎదురెదురుగా తెరుచుకుంటాయి. బస్సు నుంచి రేకు పలక ఒకటి టప్పున గొట్టం అంచు మీదకి పడుతుంది. జనం దాని మీద నడిచి దిగేవాళ్ళు దిగుతారు, ఎక్కేవాళ్ళు ఎక్కుతారు. టికెట్ గొడవ లేదు, చిల్లర లేదు, ఫుట్‌బోర్డు లేదు. మనసులో ఒకటి రెండు లెక్కపెట్టడం మొదలెట్టా. ఇరవై దాటకుండానే కదిలిపోయింది. మొదటి రోజు ఆ పలక చప్పుడుకి ఉలిక్కిపడ్డా. పదో రోజుకి ఆ చప్పుడు వినగానే కాలు దానంతటదే లేచేది.

బస్సులకి రంగులు. ఎరుపు ఎక్స్‌ప్రెస్, నారింజ రంగు పేటల నుంచి టెర్మినల్‌కి చేర్చేది, ఆకుపచ్చ పేటకీ పేటకీ మధ్య తిరిగేది. చదువు రాకపోయినా రంగు చూసి ఎక్కొచ్చు. టెర్మినల్ లోపల మారితే మళ్ళీ టికెట్ లేదు.

రువా కిన్జి కూడా నడిచా. నల్ల రాయి, తెల్ల రాయి ముక్కలతో నేల మీద ముగ్గుల్లా పేర్చారు. చలికాలం కాబట్టి పిన్యావ్ అనే గింజలు ఉడకబెట్టి అమ్ముతున్నారు. మన పనస గింజల రుచికి దగ్గర. చీరల కొట్టు గారూ, ఆ వీధిలో ఖాళీగా ఉన్న కొట్టు నాకు కనబడలేదు.

---

ఉక్కునగరం · ఆదివారం ఉదయం 8:50

విశాఖ నుంచి. మాకూ రెండు బీఆర్‌టీఎస్ దారులున్నాయి, పెందుర్తి వైపు ఒకటి, అడవివరం మీదుగా సింహాచలం వైపు ఒకటి. అదీ మీ బెజవాడదీ ఒకే పథకం, జేఎన్‌ఎన్‌యూఆర్‌ఎం అని నగరాల కోసం కేంద్రం పెట్టినది, 2005 చివర్లో మొదలైంది. రోడ్డయితే బ్రహ్మాండం. అప్పన్న దర్శనానికి వెళ్ళేటప్పుడు హాయిగా ఉంటుంది. కానీ నేను వెళ్ళిన ప్రతిసారీ మధ్య దారిలో బైకులూ కార్లే. దిమ్మరి గారు చెప్పిన గాజు గొట్టం, ముందే టికెట్, సమానమైన నేల, ఇవేవీ కనబడవు. తారు, సిమెంటు కొన్నాం, మిగతాది కొనలేదు అనిపిస్తుంది.

---

నక్షా_మేడం · ఆదివారం ఉదయం 11:10

ఉక్కునగరం గారు అన్నది అక్షరాలా నిజం. ఇంకో మెట్టు లోపలికి వెళ్దాం.

కురిటీబాలో పెద్ద రోడ్డు ఒకటి కాదు, మూడు రోడ్ల జత. నడిమి రోడ్డులో మధ్య బస్సు దారి, అటూ ఇటూ నెమ్మదిగా పోయే స్థానిక బళ్ళు. దానికి ఒక బ్లాకు అవతల ఒక వన్ వే, ఊళ్ళోకి. ఇంకో పక్క ఒక బ్లాకు అవతల ఇంకో వన్ వే, బయటికి. తెలివి ఏంటంటే అరవై మీటర్ల రోడ్డు కోసం ఇళ్ళు కూల్చలేదు. ఉన్న మూడు వీధులకే పని పంచారు.

ఆ తర్వాతదే అసలు కిటుకు. ఈ రోడ్ల వెంట మాత్రమే ఎత్తు మేడలకి అనుమతి. కింద కొట్లు, పైన ఆఫీసులు, ఇళ్ళు. దారి నుంచి దూరం జరిగే కొద్దీ ఎత్తు తగ్గాలి. విమానంలోంచి చూస్తే మేడలు గీత గీసినట్టు వరసగా కనిపిస్తాయి, మిగతా ఊరు నేలకి అంటుకుని ఉంటుంది. అంటే బస్సెక్కేవాళ్ళు ఎక్కడుంటారో ముందు తేల్చి, తర్వాత బస్సు పెట్టారు. మనం రోడ్డు ఎక్కడ ఖాళీగా దొరికితే అక్కడ వేసి, జనం వస్తారని చూశాం. ఇక్కడ నా అభిప్రాయం కలుస్తోంది, ఒప్పుకుంటాను. కానీ సీను గారూ, మీ రోడ్డు అక్కడే ఎందుకు పడింది? పట్టాలు తీస్తే జాగా దొరికింది కాబట్టి.

టీడీఆర్ బాండ్లు (పోయిన జాగాకి డబ్బుకి బదులు, వేరే చోట కట్టుకునే హక్కు) మన దగ్గర రోడ్డు వెడల్పు చేసేటప్పుడు ఇస్తారు కదా. అక్కడ పాత చారిత్రక ఇళ్ళు కాపాడ్డానికి అదే పద్ధతి వాడారు. పాత ఇంటి యజమాని ఇల్లు పడగొట్టకుండా, కట్టుకునే హక్కుని వేరే చోట మేడ కట్టేవాడికి అమ్ముకోవచ్చు.

ఇంకోటి, డబ్బు ఎలా తిరుగుతుందన్నది. బస్సులు ప్రైవేటు కంపెనీలవే. కానీ టికెట్ డబ్బు అంతా ఒక ఉమ్మడి ఖాతాలోకి పోతుంది. కంపెనీకి ఎంతమందిని ఎక్కించుకున్నావని కాదు, ఎన్ని కిలోమీటర్లు నడిపావని లెక్క కట్టి ఇచ్చేవాళ్ళు. సెవెన్ సీటర్ ఆటోల పందేలు చూసినవాళ్ళకి దీని విలువ తెలుస్తుంది. తలకింత అంటే డ్రైవరు జనం ఉన్న చోట పావుగంట ఆగుతాడు, లేనిచోట ఆగడు. కిలోమీటరుకింత అంటే టైముకి కదులుతాడు. ఊరి చివర బీదవాడు దూరం ఎక్కువ పోతాడు, మధ్యలో ఉన్నవాడు తక్కువ పోతాడు, టికెట్ ఇద్దరికీ ఒకటే. ఆ ఒకే టికెట్ పద్ధతి 1980లో వచ్చింది.

మొదటి ఎక్స్‌ప్రెస్ 1974లో. గొట్టాలు 1991లో. మూడు పెట్టెల బస్సు 1992లో. పద్దెనిమిదేళ్ళు ఒకే పనిని చెక్కుకుంటూ పోయారు. మధ్యలో మేయర్లు మారారు, ఇప్పుక్ ఆఫీసు మాత్రం మారలేదు.

---

లక్ష్మీ_టీచర్ · ఆదివారం మధ్యాహ్నం 3:20

రిటైరైన టీచర్ని, ప్లానింగ్ నాకు తెలీదు. కానీ "చెత్తకి కూరగాయలు" అని ఒక ముక్క రాసి వదిలేశారు. అది కాస్త వివరంగా చెప్పమ్మా.

---

నక్షా_మేడం · ఆదివారం సాయంత్రం 5:05

టీచర్ గారూ, మీకు నచ్చే సంగతే. 1989లో తడి చెత్త, పొడి చెత్త వేరు చెయ్యడం మొదలుపెట్టారు. పెద్దవాళ్ళకి చెప్తే వినరని ముందు బళ్ళకి వెళ్ళారు. "ఆకుల కుటుంబం" అని వేషాలు వేసుకున్నవాళ్ళు పిల్లలతో ఆడారు. పిల్లలు ఇంటికి పోయి తల్లిదండ్రుల ప్రాణం తీశారు.

మురికివాడల సందుల్లోకి చెత్త లారీ పట్టదు. అందుకని లారీని సందు చివర ఆపి, సంచి తెచ్చినవాళ్ళకి బదులు ఇచ్చారు. మొదట బస్సు టోకెన్లు, తిండి సరుకులు. 1991లో పద్ధతి ఇలా స్థిరపడింది, నాలుగు కిలోల పొడి చెత్త తెస్తే ఒక కిలో కూరగాయలు, పళ్ళు. చుట్టుపక్కల రైతుల దగ్గర మిగిలిపోయిన పంట కొని ఇచ్చేవాళ్ళు.

---

లక్ష్మీ_టీచర్ · ఆదివారం సాయంత్రం 5:31

పిల్లల్ని పట్టుకున్నాడంటే తెలివైనవాడే. మా బళ్ళో మరుగుదొడ్డి వాడమని ఊళ్ళో పెద్దలకి చెప్పి చెప్పి అలిసిపోయి, చివరికి నాలుగో తరగతి వాళ్ళతో ఇంటింటికీ లెక్క రాయించాను. నెలకి పని అయింది.

---

బుడమేరు_పక్కిల్లు · ఆదివారం రాత్రి 8:12

సింగ్‌నగర్ నుంచి. బస్సు సంగతి మీరు మాట్లాడుకోండి. ఈ లెర్నర్ వరదల గురించి ఏదో చేశాడని చదివాను. నిజమేనా? 2024 సెప్టెంబరు మొదటి వారం మేం ఎలా గడిపామో ఇక్కడి వాళ్ళకి చెప్పక్కర్లేదు. ఫ్రిజ్ నీళ్ళ మీద తేలి వెళ్ళి తలుపుకి అడ్డం పడితే, తలుపు తెరుచుకోక కిటికీలోంచి మేడ మెట్ల మీదకి ఎక్కాం. మా అమ్మ మూడు రోజులు ట్యాంకు కింద నీడలో కూర్చుంది. ఇప్పటికీ రాత్రి గట్టిగా వాన పడితే లేచి వీధిలోకి టార్చి వేసి చూస్తుంది.

---

నక్షా_మేడం · ఆదివారం రాత్రి 9:00

నిజమేనండీ. కురిటీబాకీ ఏటా వరదలే. వాగుల ఒడ్డున జనం ఇళ్ళు వేసుకోవడం, వాన పడగానే మునగడం. మామూలుగా ఇంజనీర్లు చేసేది వాగుని తిన్నగా చేసి, రెండు పక్కలా సిమెంటు గోడ కట్టడం. వీళ్ళు ఆ ఖర్చుతో ఒడ్డున నేల కొన్నారు. వాగుకి అడ్డంగా చిన్న చెరువులు తవ్వి చుట్టూ పార్కు చేశారు. బరిగీ పార్కు 1972లో అలా వచ్చిందే. వాన ఎక్కువైతే పార్కు మునుగుతుంది, ఇళ్ళు మునగవు. నీళ్ళు తీసేశాక బురద కడిగి మళ్ళీ తెరుస్తారు. గడ్డి కొయ్యడానికి మిషన్లకి బదులు గొర్రెల్ని తోలారు.

అయితే మీకు ఆశ పెట్టి వెళ్ళిపోవడం నాకిష్టం లేదు. 1970లో కురిటీబా జనాభా ఆరు లక్షల పైచిలుకు. నేల ఖాళీగా ఉంది, చవగ్గా ఉంది. బుడమేరు ఒడ్డున ఇవాళ ఆ మాట అనలేం. వాగు జాగా వాగుకి వదలాలంటే అక్కడున్నవాళ్ళు ఎక్కడికి పోవాలన్నది తేలాలి, అదీ మంచి చోట. కురిటీబా కూడా ఆ లెక్క అందరికీ సరిగ్గా తేల్చలేదు.

---

ఎదురుగాలి · ఆదివారం రాత్రి 9:45

ఆ చివరి వాక్యం మీద నేను ఇంకో నాలుగు రాస్తా, కోప్పడకండి.

బస్సు దారి వెంట నేల ధర పెరిగింది. ఆ మేడల్లో అద్దెకి, కొనుక్కోవడానికి మధ్యతరగతి వాళ్ళకే వీలైంది. బీదవాళ్ళు ఊరి పొలిమేర దాటి పక్క మునిసిపాలిటీలకి సర్దుకున్నారు. పోస్టుకార్డు మీద వేసే కురిటీబాలో వాళ్ళు ఉండరు. "ఆదర్శ నగరం" అని ఊరు తనని తాను అమ్ముకోవడంలో కూడా లెర్నర్ దిట్ట. వైర్ ఒపెరా హాలు, బొటానికల్ గార్డెన్‌లో అద్దాల ఇల్లు, ఫోటోకి నిలబడేవన్నీ చకచకా కట్టించాడు.

ఇంకో చమత్కారం. బస్సుకి ఇంత పేరున్న ఊరు, తలకి ఇన్ని కార్లు అని లెక్కేస్తే బ్రెజిల్ పెద్ద నగరాల్లో ముందు వరసలో ఉంటుంది. బస్సెక్కేవాళ్ళు తగ్గుతూ వచ్చారు.

1995 నుంచి 2002 దాకా, కురిటీబా రాజధానిగా ఉన్న పరానా రాష్ట్రానికి గవర్నర్‌గా రెండు దఫాలు చేశాడు. కార్ల ఫ్యాక్టరీలు తెచ్చాడు (బస్సు మేయరు గారు!). హైవేలు ప్రైవేటుకిచ్చి టోల్ గేట్లు పెడితే జనం ఏళ్ళ తరబడి తిట్టుకున్నారు. కరెంటు కంపెనీ అమ్మబోతే పెద్ద గొడవై ఆగింది. ఊరిని నడిపిన నేర్పు రాష్ట్రానికి చాల్లేదు.

---

టోలీచౌకీ_టెకీ · ఆదివారం రాత్రి 10:10

బస్సులెందుకండీ ఈ కాలంలో? హైదరాబాద్‌లో 2017 నుంచి మెట్రో ఉంది. ఊరూరా మెట్రో వేసేస్తే పోలా?

---

నక్షా_మేడం · ఆదివారం రాత్రి 10:32

టెకీ గారూ, మెట్రో వద్దని నేననను, హైదరాబాద్ అంత ఊరికి కావాలి. కానీ లెర్నర్‌ని అదే అడిగారు. కిలోమీటరు మెట్రో డబ్బుతో చాలా కిలోమీటర్ల బస్సు దారి వస్తుంది, అదీ త్వరగా వస్తుందన్నాడు. "బడ్జెట్‌లోంచి ఒక సున్నా కొట్టెయ్యండి, సృజన అక్కడ మొదలవుతుంది" అన్నది ఆయనకి ఇష్టమైన మాట. ఆయన మాట సరిపోని రోజూ వచ్చింది. బస్సులు కిక్కిరిసిపోయాక కురిటీబావాళ్ళే మెట్రో కావాలని పదే పదే ప్లాన్లు వేసుకున్నారు. ఇంతవరకూ కట్టలేదు.

ఎదురుగాలి గారు రాసినదాంట్లో గవర్నర్ సంగతి నేనూ ఒప్పుకుంటా. ఫోటోల సంగతి దగ్గర మాత్రం ఆగుతా. వైర్ ఒపెరా ఉన్నది వదిలేసిన రాతి క్వారీలో. చెత్త పోసుకునేవాళ్ళం మనమైతే.

ఢిల్లీ సంగతి కూడా చూడండి. 2008లో మూల్‌చంద్ వైపు ఒక చిన్న ముక్క వేశారు. కారువాళ్ళు గోల చేశారు, 2016లో పీకేశారు. అహ్మదాబాద్ 2009లో మొదలుపెట్టి, మూసి ఉన్న స్టేషన్లు, ముందే టికెట్ అన్నీ పాటించింది, ఇప్పటికీ నడుస్తోంది. కొలంబియా రాజధాని బొగోటా 2000 చివర్లో కురిటీబాని చూసి నేర్చుకుని దాన్ని మించిన జనాన్ని మోసింది. కాబట్టి ఐడియా మన వాతావరణానికి పడదన్న మాట చెల్లదు.

---

మోడరేటర్ · ఆదివారం రాత్రి 10:50

మూడు కామెంట్లు తీసేశాను. మన రాష్ట్రంలో ఏ పార్టీ ఏం కట్టింది, ఏం కట్టలేదు అన్నదానికి వేరే చర్చ నడుస్తోంది, అక్కడికి వెళ్ళండి. ఇక్కడ కురిటీబా.

---

చీరల_కొట్టు · సోమవారం ఉదయం 10:20

కొట్టు ఇప్పుడే తీశా. బోణీ కాకముందే రాస్తున్నా.

రాత్రంతా ఆ వీధి కథే బుర్రలో తిరిగింది. మా వీధిలో దసరాకి ముందు పది రోజులు పోలీసులు అటో తాడు, ఇటో తాడు కట్టి బళ్ళు ఆపేస్తారు. మేం అసోసియేషన్ తరఫున ఏటా వెళ్ళి గొడవ చేస్తాం. ఆ పది రోజులే మాకు ఏడాది బేరంలో పెద్ద ముక్క. పండగ వల్లే కదా అనుకునేవాణ్ణి. పండగ ఒక్కటే కారణం కాదేమో. ఆడవాళ్ళు చంటిపిల్లల్ని కిందికి దింపి, తీరిగ్గా ఒక కొట్టు నుంచి ఇంకో కొట్టుకి తిరుగుతారు. మిగతా రోజుల్లో హారన్ల మధ్య పిల్లాడి చెయ్యి వదలకుండా ఒక్క కొట్లో పని చూసుకుని వెళ్ళిపోతారు.

ఇదంతా రాసి కూడా, శుక్రవారం రాత్రి చెప్పకుండా తవ్వితే మాత్రం నేను కోర్టుకే వెళ్తా.

---

దేశదిమ్మరి · సోమవారం ఉదయం 11:05

హహ. అక్కడి వ్యాపారులు కూడా మొదట అదే అన్నారట, తర్వాత పక్క వీధుల వాళ్ళు వచ్చి మాకూ చెయ్యమన్నారట. లెర్నర్ 2021 మే 27న పోయాడు, 83 ఏళ్ళు. నేను వెళ్ళింది అంతకు ముందే, కానీ కలిసే భాగ్యం ఏం లేదు. ఆఫీసు కుర్రాడి నాన్న మాత్రం ఆ కాగితం చాప మీద బొమ్మ గీసిన పిల్లల్లో ఒకడినని చెప్పేవాడు. ఆ ఊళ్ళో ఆ వయసు వాళ్ళందరూ అదే చెప్తారని కుర్రాడి వేళాకోళం.

---

సత్యనారాయణపురం_సీను · సోమవారం రాత్రి 9:15

అందరికీ థాంక్స్. నిన్నంతా అమ్మాయికి చదివి వినిపించా. గొర్రెల దగ్గర నవ్వింది, సైనిక పాలన దగ్గర "అయితే మంచివాడా చెడ్డవాడా?" అంది. ఎదురుగాలి గారి పోస్టు, మేడం గారి పోస్టు రెండూ మళ్ళీ చదివి వినిపించి ఊరుకున్నా.

ఇవాళ సాయంత్రం మా అమ్మని కంటి డాక్టరుకి చూపించి సిటీ బస్సులో తెచ్చాం. అమ్మకి డెబ్భై రెండు, మోకాళ్ళ నొప్పులు. మా పిల్ల పక్కన నిలబడి బస్సు మెట్లు లెక్కపెట్టింది. మూడు. మొదటి మెట్టు నాన్నమ్మ మోకాలి దాకా వచ్చింది. ఒక చెయ్యి నేను, ఒక చెయ్యి కండక్టరు పట్టుకుని పైకి లాగాం. వెనక బైకులవాళ్ళు హారన్ కొడుతూనే ఉన్నారు. పిల్ల నన్ను చూసి "ఆ రేకు పలక" అంది.

దిమ్మరి గారూ, దానిదే ఒక ప్రశ్న. బస్సు నేల, గొట్టం నేల సమానం, సరే. మరి గొట్టం నేల రోడ్డు కంటే ఎత్తు కదా. గొట్టంలోకి నాన్నమ్మ ఎలా ఎక్కాలి?

---

దేశదిమ్మరి · సోమవారం రాత్రి 9:40

పిల్ల గట్టిదే! గొట్టానికి మెట్లుంటాయండీ, నాలుగో ఐదో. కానీ పక్కన చిన్న లిఫ్టు ఉంటుంది, చక్రాల కుర్చీ పట్టేంత. బస్సు వస్తుందన్న కంగారు లేకుండా నింపాదిగా ఎక్కొచ్చు.

---

సత్యనారాయణపురం_సీను · సోమవారం రాత్రి 9:44

ఫోటో ఉంటే పెట్టరూ. స్కూల్లో బొమ్మ గీసి చూపిస్తానంటోంది.

---

దేశదిమ్మరి · సోమవారం రాత్రి 9:58

అప్పటి ఫోన్ పోయింది. పాత హార్డ్ డిస్క్ అటక మీదుంది, ఆదివారం దించి చూస్తా.